పల్లపు వీధి చివరి కుళాయి

పంపుహౌస్,
సోమవారం పొద్దున.

బావగారికి, మీ బావమరిది నమస్కారం చేసి రాసుకునేది.

అందరం క్షేమం అని రాద్దామని కలం పట్టాను. రాయలేకపోతున్నాను. పోయిన వారం పల్లపు వీధిలో ఇరవై ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రి వరండాలో కూడా మంచాలు వేశారు. ఇరవై ఇద్దరు తేరుకున్నారు. టైలరు తల్లి పోయింది. పెద్దావిడ. మీకు గుర్తుందో లేదో.

నీళ్ల వల్లే అంటోంది డాక్టరమ్మ. మునిసిపల్ ఇంజనీరు కొత్తగా వచ్చిన కుర్రాయన. "ముప్పై తొమ్మిదేళ్ల నాటి పైపులు, ఎక్కడో పగిలి మురుగు కలిసింది" అంటున్నాడు. ఆ పైపులు మీరు వేయించినవి. అందుకని మీ చెవిన వేస్తున్నాను.

నాలుగు రోజులుగా కొత్తగా ఎవరికీ రాలేదు. నీళ్లలో బ్లీచింగ్ మందు సరిగ్గానే పడుతోంది.

ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. అక్కని అడిగానని చెప్పండి. రిటైరైన మనిషిని పట్టుకుపోయి గుడారాల్లో పడేశారు, మిమ్మల్ని ఇక వదలరా బావగారూ ఈ గవర్నమెంటువాళ్లు?

ఇట్లు,
మీ బావమరిది.


వరద బాధితుల శిబిరం,
ఎనిమిదో నంబరు గుడారం.

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అక్క చదివింది. చదివి, "వీడేదో మింగుతున్నాడు" అంది. నేను నవ్వేశాను. నా మీదే దానికి ముప్పై ఎనిమిదేళ్లుగా అనుమానం, నువ్వొక లెక్కా.

పోయినావిడ గుర్తుంది. ఆ వీధిలో పైపుకి గొయ్యి తవ్విస్తుంటే చీపురెత్తుకుని మీదికొచ్చింది. "మా గుమ్మం ముందు గొయ్యి తవ్వితే నేనెలా బయటికి రావాలయ్యా, ఎగిరా?" అంది. అడ్డంగా చెక్క వేయించాను. ఆ చెక్క మీద కూర్చుని నా కూలీలందరికీ దాహం తీర్చింది, కాలవ నుంచి తను మోసుకొచ్చిన నీళ్లతో. మనసు బాగాలేదురా.

ఇక పనిలోకి రా. నాకు లెక్కలు కావాలి. ఎవరికి ఏ రోజున వచ్చింది? అందరిదీ ఒకే కుళాయా? ఎగువ వీధుల్లో ఎవరికైనా వచ్చిందా? పైపు వెంట నడిచి, కడ్డీ ఆనించి, కారే చప్పుడేమైనా విన్నావా? అన్నిటికంటే ముఖ్యం, చివరి కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి రెండు చుక్కల పరీక్ష మందు వేస్తే పసుపు తిరుగుతోందా? తిరిగితే బ్లీచింగ్ అంతదూరం చేరినట్టు. తిరక్కపోతే దారిలోనే అయిపోయినట్టు. నీకు నేను చెప్పాలా.

ఇక్కడ నలభై వేల మంది. ఆ అంకె కాగితం మీద రాయడం తేలిక. పొద్దున్నే గట్టెక్కి చూస్తే మాత్రం వేరు. ఒక పట్నాన్ని తీసి నేల మీద ఆరబెట్టినట్టుంటుంది. పొయ్యిలన్నీ ఒక్కసారే పొగలేస్తాయి. అంతమందీ తాగాలి, అంతమందీ చెంబు పట్టుకుని పోవాలి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా చూడటం నా ఉద్యోగం. అరవై ఆరేళ్లొచ్చినా ఇదే ఉద్యోగం.

నిన్న ఒక పెద్దమనిషి, "కల్నలుగారూ, సైన్యంలో అన్నేళ్లున్నారు, ఏం గెలిచారు?" అని అడిగాడు. "మరుగుదొడ్లు" అన్నాను. మీ అక్క లోపల గరిటె కింద పడేసుకుని నవ్వింది.

వెంటనే రాయి.

నీ బావ.


పంపుహౌస్,
శనివారం.

బావగారికి నమస్కారాలు.

మీరు అడిగినవి రాస్తున్నాను. ఇరవై ముగ్గురూ చివరి కుళాయివాళ్లే. ఎగువ వీధుల్లో ఒక్కరికీ రాలేదు. మొదటి మనిషి శనివారం పడ్డాడు, ఆఖరి మనిషి గురువారం. కడ్డీ పట్టుకుని మూడుసార్లు నడిచాను. ఎక్కడా చప్పుడు లేదు. గ్లాసులో పసుపు బాగా తిరుగుతోంది.

కడ్డీ చెవికి ఆనిస్తే మీరే గుర్తొస్తారు. అప్పుడు నాకు ఇరవై. ఇసుక తట్టలు మోస్తున్నాను. మీరు కొత్త కెప్టెనుగారు. తెల్లారకముందే వచ్చి, ఇనపకడ్డీ ఒక కొస పైపు మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టి మీ మొహం చూసేది. "ఇక్కడ తవ్వండి" అనేవారు. తవ్వితే అక్కడే ఊరుతుండేది. నేలకింద నీళ్లు మీతో మాట్లాడతాయని మా నాన్న నమ్మాడు. పైపులు వేయడానికొచ్చి మా అక్కని పట్టుకుపోయారని ఊళ్లో నవ్వుకున్నా, నాన్న మాత్రం "నేలకింద సంగతి తెలిసినవాడికి పిల్లనివ్వడానికి ఆలోచించాలా" అన్నాడు.

ఆ తర్వాత అక్క రాసే ఉత్తరాల్లోనే మిమ్మల్ని చూశాను. దోమల మడుగులు ఎండగట్టడానికి పదకొండు మైళ్ల కాలవ తవ్వించారని, ఆ ఏడు అక్కడి బడిలో జ్వరంతో మానేసిన పిల్లలే లేరని రాసింది. భూకంపం వచ్చిన చోట రెండువందల బావులు, ఒక్కొక్కటీ మీరే దిగి చూసి మందు వేయించారని రాసింది. మీతో చదివినవాళ్లు వంతెనలు కట్టి బిరుదులు తెచ్చుకుంటే, మిమ్మల్ని "దొడ్ల దొర" అని ఎక్కిరించేవాళ్లని కూడా రాసింది. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించేది. ఐదో తరగతి చదివినవాణ్ని. ఇంతటి మనిషి నన్ను పంపు దగ్గర నిలబెట్టి, "ఇక ఈ ఊరి కడుపు నీ చేతుల్లో ఉంది" అని వెళ్లారే అని.

కమిటీ వేశారు. ఛైర్మన్, డాక్టరమ్మ, ఇంజనీరు. వచ్చే నెల పదిహేనున కూర్చుంటారు. తప్పు పైపులదని తేలితే మన వాటర్ వర్క్స్ మూసేసి, కొత్తది కట్టేదాకా కాలవ నీళ్లు ట్యాంకర్లతో తోలతారట. గేటు దగ్గర మీ పేరున్న రాతిపలక కూడా పీకేయమని ఎవరో అన్నారు.

ఇట్లు,
మీ బావమరిది.


శిబిరం.
వాన మొదలైంది.

బావమరిదికి,

నీ లెక్కలు చూశాను. గుడారం గుంజకి తగిలించుకుని మరీ చూశాను.

పగిలిన పైపు తనంతట తాను అతుక్కోదురా. పగిలిందే నిజమైతే ఇవాళ్టికీ మనుషులు పడుతూనే ఉండాలి. గురువారంతో ఆగిపోయింది. కడ్డీకి చప్పుడు లేదు. ఎగువన ఎవరికీ రాలేదు, కొసనున్నవాళ్లకే వచ్చింది. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని ఆ కుర్రాయన ఒక్క పూట కూర్చుంటే అతనికే అర్థమవుతుంది. కూర్చోడు. పాతది పగలగొట్టి కొత్తది కట్టాలని ఎవరికుండదు, ఆ వయసులో నాకూ ఉండేది.

నేను కాగితం రాసి ఛైర్మనుకి పంపాను. లోపం నాదేనని రాశాను. చివరి కుళాయి దగ్గర రోజూ పరీక్ష చేయాలన్న నియమం కట్టిన రోజే పెట్టాల్సింది, పెట్టలేదు. అది అబద్ధం కాదు. పదిహేనున నేనే వచ్చి కమిటీ ముందు నిలబడతాను. ముసలివాణ్ని తిట్టడం తేలిక. ఓ గంట తిట్టి వదిలేస్తారు. వాటర్ వర్క్స్ మిగులుతుంది. జనం కాలవ నీళ్ల పాలు కాకుండా ఉంటే నాకదే చాలు. పలక పీకితే పీకుతారు, బట్టలుతికే బండ కిందికి పనికొస్తుంది.

నిన్నేమీ అడగను. నువ్వు తిండి తింటున్నావో లేదో అని మీ అక్క మాత్రం అడుగుతోంది.

నీ బావ.


ఇంటి దగ్గర నుంచి,
ఆదివారం.

బావగారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మందు తగ్గించింది నేను. సగానికి సగం. పదిహేను రోజులు.

ప్యాంటు కుట్టించుకోవడానికి టైలరు దగ్గరికి వెళ్లాను. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "ఏరా, నీళ్లలో ఆ మందేంట్రా? గ్లాసు మూతి దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రికొచ్చినట్టుంది. నాకెన్నాళ్లున్నాయి? పోయేలోపు నాలుగు రోజులు మంచినీళ్లు తాగనివ్వరా" అంది. నేను నవ్వి వచ్చేశాను. మర్నాడు మళ్లీ అడిగింది. ఎవరు అడిగినా కాదనలేను. నా సంగతి మీకు తెలుసు. ఇసుక బెడ్లలో వడకట్టిన నీళ్లే కదా, సగం మందు చాలదా అనుకున్నాను. చల్లగా, తేటగా ఉన్నాయి నీళ్లు. ఎగువన వాన పడి, మన పంపు తోడే కాలవ కలుషితమైన సంగతి నాకు తట్టలేదు. దగ్గరి వీధులకి ఆ సగం సరిపోయింది. చివరికి చేరేసరికి ఏమీ మిగల్లేదు.

వారం తర్వాత ఆవిడ పిలిచింది. "ఇన్నాళ్లకి నీళ్లు నీళ్లలా ఉన్నాయిరా" అంది. నేను సంతోషంగా ఇంటికొచ్చాను బావగారూ. ఆ సంతోషం తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

రెండో మనిషి పడగానే పరుగెత్తి మందు పూర్తిగా వేశాను. రిజిస్టరులో మాత్రం ఆ పదిహేను రోజులూ పూర్తి మోతాదు అనే ఉంది. నా చేతిరాతే. మీకు రాసిన మొదటి ఉత్తరంలోనూ అలా అనిపించేట్టే రాశాను.

మీరు రావద్దు. నా తప్పు మీ నెత్తిన వేసుకోవద్దు. మీరు ఇన్నేళ్లలో ఎన్ని లక్షలమందికి నీళ్లిచ్చారో నాకు లెక్క కూడా రాదు. నేను ఒక్క వీధికి ఇవ్వలేకపోయాను.

కమిటీలో చెప్పమంటే చెబుతాను. ఊరుకోమంటే ఊరుకుంటాను. ఇంకా పదకొండు నెలల సర్వీసు ఉంది. మీరెలా అంటే అలా.

మీ బావమరిది.


శిబిరం.
గుడారాల ఆరో వరస దగ్గర కూర్చుని.

ఒరేయ్,

నీ ఉత్తరం మీ అక్కకి చూపించలేదు. తను అడగలేదు. నా మొహం చూసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నేను పదిహేనుకి రాలేను. ఆరో వరసలో నిన్న ఇద్దరికి కలరా తేలింది. రెండు గుడారాలూ ఖాళీ చేయించి, పాత దొడ్డి గుంటలు పూడ్చి, కొత్తవి తవ్విస్తున్నాను. ఇప్పుడు నేను ఇక్కడినుంచి కదిలితే రెండు రెండొందలవుతుంది. నా కాగితం మాత్రం ఛైర్మన్ చేతిలో ఉంది. నువ్వు నోరు విప్పకపోతే అదే నిలుస్తుంది. నీకేమీ కాదు. ఇది బెదిరింపు కాదు, ఓదార్పూ కాదు. ఉన్నమాట.

ఏం చేయాలో నేను చెప్పను. చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెబుతాను. మీ అక్కకి కూడా చెప్పని సంగతి.

నాకప్పుడు ఇరవై నాలుగు. యుద్ధం. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో చిన్న ఆఫీసర్ని. రెండు రోజులు నీళ్లు లేని కొండల్లో నడిచి నడిచి ఒక ఊట దగ్గరికి చేరాం. మడిచి మోసుకొచ్చిన కాన్వాసు గుడ్డతొట్టి నింపి మందు వేశాను. అరగంట ఆగాలి. ఆగితేనే మందు పనిచేస్తుంది. నూటఅరవై మంది తొట్టి చుట్టూ కప్పులు పట్టుకుని నిలబడ్డారు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. మా నాన్న వయసున్న సిపాయి ఒకడు, "అయ్యా, ఇంకెంతసేపు?" అన్నాడు. వాచీ చూశాను. తొమ్మిది నిమిషాలైంది. చెయ్యి ఎత్తాను. తాగండి అన్నాను.

ఆ సిపాయి నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. నువ్వు రాసిన ఆ సంతోషం నాకు తెలుసురా.

వారంలో పదకొండు మంది పోయారు. ఆ సిపాయి మూడోవాడు. విచారణ జరిగింది. శత్రువు ఊటలో విషం కలిపాడని రాశారు. సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

నెల తిరక్కుండా వంతెనలు వదిలేసి నీళ్లూ మురుగూ చూసే విభాగానికి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. పిచ్చివాడన్నారు. ఆ పదకొండు మైళ్ల కాలవ, ఆ బావులు, మీ ఊరి వాటర్ వర్క్స్, అన్నీ ఆ తొమ్మిది నిమిషాల తర్వాతివే. చేస్తూ పోతే ఎప్పటికో సరిపోతుందనుకున్నాను. ఎన్ని ఊళ్లకి నీళ్లిచ్చినా ఆ సంతకం అలాగే ఉంది.

నువ్వు చెప్పినా చెప్పకపోయినా నా బావమరిదివే.

నీ బావ.


ఇంటి దగ్గర నుంచి,
పదహారో తేదీ.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరంటే నాకు తగ్గిందేమో అని నన్ను నేనే తడుముకున్నాను. తగ్గలేదు. ఇన్నాళ్లూ మీరు మాలాంటి మనుషులు కారనుకునేవాణ్ని. అంత బరువు ఎత్తుకుని కూడా మనిషి పదకొండు మైళ్లు తవ్వించగలడని ఇప్పుడు తెలిసింది. ఇది ఇంకా పెద్దదిగా ఉంది బావగారూ, నా చూపుకి అందడం లేదు.

నిన్న కమిటీ. మునిసిపల్ హాలు నిండిపోయింది. టైలరు కొట్లోంచి లేచి అలాగే వచ్చినట్టున్నాడు, మెడలో టేపు వేలాడుతోంది. ముందు ఛైర్మన్ మీ కాగితం చదివాడు. చదువుతుంటే అందరి మొహాలూ తేలికపడ్డాయి. "చూశారా, పెద్దాయనే ఒప్పుకున్నాడు" అని ఎవరో అన్నారు. "పంపు ఆపరేటరు ఏమన్నా చెప్పుకునేది ఉందా?" అని ఛైర్మన్ అడిగాడు. లేదని తలూపితే అయిపోయేది.

లేచాను. మాట రాదని నాకు ముందే తెలుసు, అందుకని కాగితం మీద రాసుకెళ్లాను. అదే చదివాను. "చేసింది నేను. పైపు తప్పు లేదు." ఇంకేమీ రాసుకోలేదు. రిజిస్టరు తెరిచి ఆ పదిహేను రోజులూ చూపించాను.

హాల్లో ఫ్యాను కిర్రుమంటోంది.

"మందెందుకు తగ్గించావు?" అంది డాక్టరమ్మ.

"నా బుద్ధి గడ్డి తిని."

"ఎవరైనా తగ్గించమన్నారా?"

"లేదమ్మా" అన్నాను. ఆ ఒక్కటి అబద్ధమాడాను. మీ దగ్గర దాచను.

ఇంజనీరు కుర్రాయన మంచివాడేనండీ. రిజిస్టరు తీసుకుని, తేదీలు పక్కన రాసుకుని, చాలాసేపు చూశాడు. "అవును, పైపు కాదు. నేను తొందరపడ్డాను" అని అందరి ముందూ అన్నాడు. వాటర్ వర్క్స్ మూయరు. చివరి కుళాయి దగ్గర రోజూ రెండుపూటలా పరీక్ష చేయాలని రాసుకున్నారు. నన్ను పంపుహౌస్ నుంచి తీసేశారు. రిటైరయ్యేదాకా ఫిల్టరు ఇసుక కడిగే పని. మీ దగ్గర మొదట మోసిన ఇసుకే.

మెట్ల మీద టైలరు ఆపాడు. "మా అమ్మ నిన్ను అడిగింది. నేను బట్ట కత్తిరిస్తుంటే నా ఎదుటే అడిగింది. చెప్పలేదేం?"

"పోయినావిడ మీద వేసి నేను బతకాలా?" అన్నాను.

"నీ మొహం చూడబుద్ధి కావడం లేదు నాకు" అన్నాడు. మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. "అమ్మ పేరు ఎత్తనందుకు మాత్రం..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయకుండానే వెళ్లిపోయాడు. పూర్తి చేయాలని నేను కోరుకోను.

రాత్రి అన్నం తిన్నానని అక్కకి చెప్పండి. అక్కడ ఆరో వరస ఎలా ఉంది?

మీ బావమరిది.


శిబిరం.
ఎండ వచ్చింది.

బావమరిదికి,

ఆరో వరసలో ఆ రెండూ రెండుగానే ఆగిపోయాయి. ఇద్దరూ బతికారు. నలభై వేల మందిలో మూడో మనిషి లేడు. పొద్దున్న గట్టెక్కి చూశాను. ఎవరి పాటికి వాళ్లు బట్టలు ఆరేసుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు. ఎంతసేపు చూశానో తెలియదు.

కిందికి దిగి నీ ఉత్తరం మీ అక్కకి ఇచ్చాను. నీది చదివాక ఊట సంగతి నేనే చెప్పాను. విని, పెట్టె తెరిచి తెల్లకాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, "తమ్ముడు రాసినట్టు రాయండి" అంది.

మూడు కాగితాలు చించాను. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని వందల రిపోర్టులు రాశానో, ఇదొక్కటీ రాలేదు. మొదటిదాంట్లో దాహం గురించి రాశాను. రెండోదాంట్లో నా వయసు గురించి. మూడోదాంట్లో నేను కట్టినవన్నీ వరసగా రాసుకుంటూ పోయాను. మీ అక్క వెనకనుంచి చదివి, "ఇవన్నీ వాళ్లకెందుకు?" అంది.

చివరికి ఇవాళ టపాలో సైన్యం పెద్ద కార్యాలయానికి పంపాను. ఆ పదకొండు మంది పేర్లూ రాశాను. చూసి రాయక్కర్లేదు నాకు. ఎవరి ఇంటివాళ్లు ఎక్కడున్నా వెతికి, నా కాగితం వాళ్లకి చేర్చమని అడిగాను. ఏం చేస్తారో తెలియదు. ఏం చేసినా సరే.

పేర్ల కింద రాయడానికి నాకు సొంత మాట దొరకలేదురా. నీదే తీసుకున్నాను.

"చేసింది నేను. ఊట తప్పు లేదు."

నీ బావ.